గాలిలో వినపడిన మాట

ఆయన గాలిని కూడా "గారు" అనేవాడు. పొద్దున్నే డెక్కు మీదికొచ్చి, చొక్కా కాలరు సర్దుకుంటూ, "గాలిగారు ఇవాళ కొంచెం చిరాగ్గా ఉన్నారండి" అని చెప్పేవాడు. సముద్రం అమ్మగారు. మేం నీళ్ళలోకి దించే పరికరం ఆవిడ. ఓడ మొత్తం మీద ఆయన మర్యాద ఇవ్వకుండా మాట్లాడింది తన గురించి మాత్రమే. "నాదేముందిలెండి, తీగ దించేవాణ్ణి" అనేవాడు.

ఆయన పోయాడని నాకు పోయిన నెలలో తెలిసింది, అదీ ఓడ వంటగదిలో. కాకినాడ రేవులో సామాను ఎక్కిస్తున్నారు. టీ కోసం లోపలికి వెళ్ళాను. మా వంట మేస్త్రి తునివాడు, ఓడలో నాకంటే పాత మనిషి. ఉల్లిపాయలు తరుగుతూ, "మన వించ్ బాబాయ్ ఉంటే ఈపాటికి రెండో గ్లాసు అడిగేవాడండి" అన్నాడు.

"ఎలా ఉన్నాడు ఇప్పుడు?" అన్నాను. ఆయన ఓడ వదిలిన ఆరేళ్ళలో ఆ ప్రశ్న నేను ఎవరినైనా అడగడం అదే మొదటిసారి.

మేస్త్రి కత్తి ఆపాడు. "మీకు తెలీదేంటండి? పోయి ఏడాది దాటింది. గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర పడవ తిరగబడింది. మిగతావాళ్ళంతా బయటపడ్డారు."

టీ గ్లాసు పట్టుకుని బయటికి వచ్చేశాను. వెనక డెక్కు మీద తీగ దించి ఎత్తే యంత్రానికి, మా వించ్‌కి, కొత్తగా పసుపు రంగు వేశారు. దాని ముందు స్టూలు మీద ఇంకెవరో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నారు.

మాది రామచంద్రపురం. నాన్నకి మెయిన్ రోడ్డులో స్టీలు సామాన్ల కొట్టు. సముద్రం గురించి చదువుకున్నానే గానీ ఒడ్డు వదిలి నేను లోపలికి వెళ్ళింది ఉద్యోగంలో చేరాకే. సముద్ర పరిశోధన సంస్థలో ప్రాజెక్టు అసిస్టెంటు పోస్టు, ఏడాదికోసారి పొడిగిస్తారు. ప్రతి మార్చి నెలలో ఉంటుందో ఊడుతుందో అని, ఆ కాగితం కోసం ఎదురుచూసి కళ్ళు కాయలు కాసేవి.

మా పని పైకి చాలా చిన్నది. మ్యాపులో ముందే గుర్తు పెట్టుకున్న చోటికి వెళ్ళి ఓడ ఆగుతుంది. దాన్ని స్టేషన్ అంటాం, అక్కడ నీళ్ళు తప్ప ఏమీ ఉండదు. నడుమెత్తు ఇనప చట్రం, దాని మధ్యలో నీటి వేడి, ఉప్పదనం, లోతు కొలిచే పరికరం, చుట్టూ పొడుగాటి బూడిద రంగు సీసాలు. వీటన్నిటినీ ఒక్క తీగ మీద కిందికి దించుతారు. దిగుతున్నంతసేపూ అంకెలు ఆ తీగలోంచే లోపల గదిలో మా తెర మీదికి వస్తుంటాయి. పైకి తెస్తున్నప్పుడు ఒక్కో లోతులో ఒక్కో సీసా మూసుకుని అక్కడి నీళ్ళు పట్టుకొస్తుంది. ఆ నీళ్ళు చిన్న గాజు బుడ్లలోకి పట్టి, బుడ్డిని మూడుసార్లు ఆ నీళ్ళతోనే కడిగి, బిరడా బిగించి, నంబరు రాయాలి. తెర చూసి లాగ్ పుస్తకంలో చేత్తో రాయడం నా పని. తీగ దించడం, ఎత్తడం ఆయన పని.

మొదటి ప్రయాణంలో రేవు దాటిన గంటకే నా కడుపు తిరిగిపోయింది. రెండు రోజులు బకెట్టు పక్కన పడుకున్నాను. ఎవరూ విసుక్కోలేదు గానీ ఎవరూ పట్టించుకోనూ లేదు. మూడో రోజు పొద్దున ఆయన గది గుమ్మంలో నిలబడి, "అమ్మాయిగారూ, లోపల పడుకుంటే ఇంకా తిప్పుద్దండి. బయటికి రండి" అన్నాడు. డెక్కు మీద తన స్టూలు నాకిచ్చి, ఎండబెట్టిన ఉప్పు ఉసిరికాయ ముక్క చేతిలో పెట్టాడు.

"కళ్ళు మూసుకోకండి. కింద కెరటాలు చూడకండి. అదిగో, ఆకాశం ఆనుకున్న గీత, దానికేసి చూడండి. అది కదలదు."

"ఎంతసేపు చూడాలి బాబాయ్?"

"నాకయితే మొదట్లో నాలుగేళ్ళు పట్టిందండి" అని నవ్వాడు. ముందు పళ్ళలో ఒకటి లేదు. అప్పటికి ఆయనకి యాభై దాటి ఉంటాయి. మనిషి సన్నం. రెండు చేతులూ మాత్రం వేరే మనిషివి తెచ్చి అతికించినట్టు లావుగా, మొద్దుగా ఉండేవి.

ఆ చేతులు వించ్ మీద పెట్టాక ఆయన ఇంకో మనిషి. తీగ నీళ్ళలో ఉన్నంతసేపూ ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. కుడి చెయ్యి లీవరు మీద, ఎడం అరచెయ్యి వించ్ ఇనప దిమ్మె మీద. చూపు తీగ నీళ్ళలో మునిగే చోట. పక్కన ఎవరైనా గట్టిగా మాట్లాడితే తల తిప్పకుండా ఎడం చెయ్యి ఒకసారి ఎత్తేవాడు, అంతే, అందరూ నోరు మూసుకునేవారు. "తెర మీద మీకు అంకెలొస్తాయి గదండి. నాకు ఈ దిమ్మెలోంచి వస్తాయి" అన్నాడోసారి. ఆవిడ పైకొచ్చి డెక్కు మీద కుదురుగా కూర్చున్నాక గానీ ఊపిరి వదిలేవాడు కాదు. "వచ్చేశారండి. ఇప్పుడు చెప్పండి ఏంటో."

నేను చెప్పేలోపు తనే అడిగేవాడు. ప్రతి స్టేషన్లోనూ ఒకటే ప్రశ్న. "అడుగున ఎంతండి?"

"ఏడు డిగ్రీలు బాబాయ్."

"ఆయ్!" అని భుజాలు దగ్గరికి ముడుచుకునేవాడు, చలేసినట్టు. పైన నడినెత్తిన ఎండ మండుతుండేది, డెక్కు మీద చెప్పుల్లేకుండా నిలబడలేం. మేం నమూనాలన్నీ పట్టుకోవడం అయ్యేదాకా ఓపిగ్గా ఆగి, అన్నిటికంటే లోతు సీసాలో మిగిలిన నీళ్ళు దోసిట్లోకి పట్టి కళ్ళకి అద్దుకునేవాడు. ఉప్పునీళ్ళు కళ్ళు మండవా అంటే, "మండుతాయండి. చల్లగా కూడా ఉంటాయి" అనేవాడు.

ఒక సెప్టెంబరులో, గోదావరికి వరద తగ్గిన రోజుల్లో, నది సముద్రంలో కలిసే చోటికి ఎదురుగా పని చేస్తున్నాం. ఆ రోజు పై నీళ్ళలో ఉప్పు దాదాపు లేదు. పది, పన్నెండు మీటర్ల కింద ఒక్కసారిగా పెరిగిపోయింది. తెర మీద ఆ గీత చూపిస్తే ఆయన చాలాసేపు వంగి చూశాడు.

"ఇదంతా ఎందుకండీ కొలుస్తారు? ఎప్పణ్ణుంచో అడుగుదామని."

చెప్పాను. నది నీళ్ళు తేలిక కాబట్టి పైన పరుచుకుంటాయని, కింది చల్లటి నీళ్ళని పైకి రానివ్వవని, ఎండ వేడంతా ఆ పైపొరలోనే ఉండిపోతుందని, తుఫానుకి ఆ వేడే బలమని. వేడి ఎంత, ఎంత మందాన ఉంది అన్నది ముందే తెలిస్తే వచ్చే తుఫాను ఎంత బలపడుతుందో కొంత చెప్పొచ్చని.

ఆయన ఒడ్డు ఉన్న వైపుకి తిరిగాడు. తర్వాత, "మా ఇల్లు మూడుసార్లు వెనక్కి జరిగిందండి" అన్నాడు. "మొదటిది మా నాన్న కట్టింది. ఇప్పుడది నీళ్ళలో ఉంది. ఓడ ఇటు వస్తున్నప్పుడల్లా దాని మీంచే పోతున్నామేమో అనిపిస్తుంది." మళ్ళీ నాకేసి తిరిగి, "సరిగ్గా రాయండమ్మాయిగారూ. ఒక్క అంకె కూడా తప్పు పోనివ్వకండి" అన్నాడు.

అప్పణ్ణుంచి అది కూడా అలవాటైంది. స్టేషన్ అవగానే, "రాశారా?" అనేవాడు. ఆయనకి చదువు రాదు, సంతకం మాత్రం పెట్టగలడు. నా లాగ్ పుస్తకం కేసి గుళ్ళో హారతి కేసి చూసినట్టు చూసేవాడు. కాఫీ గ్లాసు దాని మీద పెడితే గబుక్కున తీసి పక్కన పెట్టేవాడు. రాసింది ఉంటుందని, మనిషి మాట మాత్రం ఎగిరిపోతుందని ఆయనకి గట్టి నమ్మకం.

నేను చెప్పాల్సిన రోజు దగ్గరికి ఇప్పుడు వచ్చాను.

మేం బయల్దేరి పన్నెండు రోజులైంది. రెండు రోజులు వాతావరణం పాడై, పని వెనకబడింది. ఇంకొక్క లోతు స్టేషన్ మిగిలింది. అంతకు ముందు రోజు ఆయన తీగ చుట్ట దగ్గర గొంతుక్కూర్చుని ఎర్ర రంగు డబ్బా పక్కన పెట్టుకుని తీగ మీద ఒకచోట గుర్తు పెడుతుండగా చూశాను. అక్కడ తీగ పోగులు రెండు తెగి, ముళ్ళలాగా పైకి లేచి ఉన్నాయి. అది నరికేసి తీగని మళ్ళీ పరికరానికి కలపాలంటే సగం రోజు పని. మా బృందానికి పెద్ద ఒక సారు. బాబాయ్ వెళ్ళి ఆ సారుతో చెబితే, "చూద్దాంలే" అన్నాడట.

మర్నాడు మధ్యాహ్నం ఓడ ఆ చోట ఆగింది. గాలి గట్టిగా ఉంది, డెక్కు మీద తాడు కొసలు టపటపా కొట్టుకుంటున్నాయి. నేను గది గుమ్మం బయట పుస్తకం పట్టుకుని నిలబడ్డాను. ఆయన వించ్ దగ్గర్నుంచి నా దగ్గరికి వచ్చాడు. పని మొదలయ్యే ముందు ఆయన తన చోటు వదిలి రావడం నేనెప్పుడూ చూడలేదు. వంగి, నా చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాడు.

"అమ్మాయిగారూ, ఈ తీగ ఇవాళ వద్దండి. అలిసిపోయింది. సారుగారికి నిన్నే చెప్పాను, ఇప్పుడూ చెప్పాను. ఒక్కటే స్టేషన్ కదా అంటున్నారు. నేను వద్దన్నానని ఆ పుస్తకంలో ఒక ముక్క రాయండి."

పెన్ను మూత తీశాను. లోపల్నుంచి సారు కేక వేశాడు. "ఏంటి ఆలస్యం? పొజిషన్ రాశావా?"

పొజిషన్ రాశాను. టైము రాశాను. గాలి వేగం రాశాను. దాని కింద గీత ఖాళీగా ఉంది. సారు బయటికి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. మార్చికి ఇంకా మూడు వారాలే. పని అయ్యాక రాద్దాం అనుకున్నాను.

"రాశారా?" అన్నట్టు ఆయన వించ్ దగ్గర్నుంచి చూశాడు. నేను తల ఊపాను.

నేను లోపలికి వెళ్ళి తెర ముందు కూర్చున్నాను. దించడం బాగానే అయింది. ఎత్తేటప్పుడు ఇంకా మూడొందల మీటర్ల లోతులో ఉండగా పెద్ద కెరటం ఒకటి ఓడని పక్కకి తోసింది. తీగ బిగిసింది. కొరడా ఝళిపించిన శబ్దం, అంతే. తెర మీద గీత అక్కడితో ఆగిపోయింది. నేను బయటికి పరిగెత్తేసరికి ఆయన రెండు కాళ్ళూ తన్నిపెట్టి నిలబడే ఉన్నాడు. తీగ తెగిందని తెలిసిన వెంటనే పక్కకి దూకాల్సింది. దూకలేదు, బ్రేకు వేశాడు. ఎగిరొచ్చిన తీగ కొస బ్రేకు మీదున్న కుడి చేతికి తగిలింది. మణికట్టు దగ్గర చెయ్యి ఉండాల్సిన తీరున లేదు. ఆయన దానికేసి చూసుకోలేదు. నీళ్ళకేసే చూస్తున్నాడు.

"ఆవిడ పోయారండి" అన్నాడు.

ఒడ్డుకు వచ్చిన పది రోజులకి విచారణ జరిగింది. టేబులు అవతల ముగ్గురు కూర్చున్నారు. పోయిన పరికరం ఖరీదైంది, ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. తీగ సంగతి తనతో ఎవరూ అనలేదని సారు అప్పటికే చెప్పేశాడు. లాగ్ పుస్తకం బల్ల మీద ఆ పేజీ దగ్గర తెరిచి ఉంది.

"దించే ముందు వించ్ ఆపరేటరు మీతో ఏమైనా అన్నాడా?" అని అడిగారు నన్ను.

"గాలి ఎక్కువగా ఉంది సార్," అన్నాను. "అన్నట్టు గుర్తులేదు."

అంత తేలిగ్గా వస్తుందనుకోలేదు ఆ మాట. దానికి వాళ్ళు కూడా స్థిమితపడ్డట్టు కనిపించారు. ఒకాయన రాసుకున్నాడు.

బయట బెంచీ మీద ఆయన కూర్చున్నాడు. చెయ్యి మెడకి కట్టి ఉంది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"అయిపోయిందా అమ్మాయిగారూ? పొద్దుట్నుంచి ఉన్నారు, ఏమైనా తిన్నారా?"

తిన్నానని చెప్పాను. అది కూడా అబద్ధమే.

వించ్ వేగం ఎక్కువ పెట్టడం వల్ల తీగ తెగిందని తేల్చారు. ఆయన కాంట్రాక్టు మనిషి, రావొద్దన్నారు. నాకు పొడిగించారు. ఆ తర్వాతి ఏడాది పర్మనెంటు కూడా అయింది. ఆ కబురు తెలిసిన వారంలోనే ఆయన ఆఫీసుకొచ్చాడు, ఏదో సర్టిఫికెట్టు కావాలని. మెట్ల మీద ఎదురుపడ్డాం. తప్పుకునే వీల్లేదు. కుడి చేతి వేళ్ళు సగం మడిచినట్టు అలాగే ఉండిపోయాయి. వాటిని లుంగీ మడతలోకి దాచుకున్నాడు.

"ఉద్యోగం గట్టిపడిందంట కదండీ. మేస్త్రిగారు చెప్పారు. చాలా సంతోషం" అన్నాడు. నిజంగానే సంతోషంగా ఉన్నాడు.

"చెయ్యి ఎలా ఉంది బాబాయ్?"

"ఉందండి." ఒక మెట్టు దిగి మళ్ళీ ఆగాడు. నాకేసి కాకుండా గోడకేసి చూస్తూ అన్నాడు. "ఆ రోజు గాలిగారు అలా ఉన్నారు. చెవి దగ్గర అరిచినా ఎవరి మాట ఎవరికి వినపడుద్దండి? మీకు వినపడి ఉండదు. నేనే అనుకున్నాను, వినపడిందని."

అది ప్రశ్నో, ఓదార్పో ఇప్పటికీ నాకు తెలీదు. నేను జవాబు చెప్పడానికి ఆయన ఆగాడు. 

"అవును బాబాయ్, సరిగ్గా వినపడలేదు" అన్నాను.

"ఆయ్, అదే" అన్నాడాయన. తల ఊపుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆయన్ని మళ్ళీ చూడలేదు.

మేస్త్రి చెప్పిన కబురు విన్న తర్వాతి ఆదివారం వాళ్ళ ఊరు వెళ్ళాను. యానాం దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో. ఆటో ఆగిన చోట నుంచి రేవు దాటడానికి పడవ. పల్లెలో నాలుగో మనిషిని అడిగితే ఇల్లు చూపించారు. సిమెంటు రేకుల ఇల్లు. ముందు పాత వల పరిచి దాని మీద చేపలు ఎండబెట్టారు. ఒకావిడ, ఆయన భార్యే అయ్యుంటుంది, వంగి వాటిని ఒక్కొక్కటీ తిరగేస్తోంది. నేనెవరో, ఎక్కణ్ణుంచి వచ్చానో చెప్పాను.

"ఓడలో అమ్మాయిగారా!" అంది. చేతులు చీర కొంగుకి తుడుచుకుని, కుర్చీ తెచ్చి నీడలో వేసింది. గ్లాసుతో నీళ్ళిచ్చింది. "మీ గురించి చెప్పేవాడండి. మొదట్లో బకెట్టు పక్కన పడుకున్నారంట కదా."

ఎలా జరిగిందని నేను అడక్కుండానే చెప్పింది. "చేపలు తిరగెయ్యాలి, చెబుతూ తిరగేస్తానండి, ఏమనుకోకండి" అని మళ్ళీ వంగింది.

"ఆ చెయ్యి మూసుకునేది కాదండి. వల లాగలేడు, తెడ్డు పట్టలేడు. ఇంట్లో కూర్చోమన్నాను. కూర్చుంటే పిచ్చెక్కుద్ది అనేవాడు. పడవలోకొచ్చిన నీళ్ళు తోడతానని మా మరిదితో పోయేవాడు. ఆ రోజు తిరిగొస్తుంటే మొగ దగ్గర కెరటం తన్నిందండి. నది, సముద్రం కొట్టుకునే చోటు అది, మా వాళ్ళందరికీ అలవాటే. తిరగబడిన పడవ అంచు పట్టుకుని అందరూ తేలారు. ఈయనా పట్టుకున్నాడంట, ఎడం చేత్తో. రెండో కెరటానికి చెయ్యి జారిపోయింది. రెండు చేతులుంటే..." అని, మాట అక్కడ వదిలేసి ఇంకో చేప తిరగేసింది.

నేను నీళ్ళ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను.

"మావాళ్ళు మిమ్మల్ని తిట్టేవాళ్ళండి, నేనెందుకు అబద్ధం చెప్పాలి. ఆ పిల్ల ఒక్క మాట చెబితే పోయేది కదా అని. ఆయన ఊరుకునేవాడు కాదు. గాలికి వినపడలేదురా, ఆ అమ్మాయి నాతో తనే చెప్పింది, వినపడి ఉంటే రాసేది, అనేవాడు. మా తమ్ముడితో ఆ మాట మీద గొడవపడి నెల రోజులు మాట్లాడలేదు." ఆవిడ నడుం పట్టుకుని నిటారుగా లేచింది. "మంచిపని చేశారండి, వచ్చారు. వస్తారని ఎవరూ అనుకోలేదు."

అక్కడ ఆపేసి, నమస్కారం పెట్టి, లేచి వచ్చేస్తే సరిపోయేది. తెచ్చిన పళ్ళ సంచీ ఇచ్చి వచ్చేస్తే ఆవిడ నన్ను పడవ దాకా సాగనంపేది కూడా.

కుర్చీలోంచి లేచి, "వినపడిందమ్మా" అన్నాను.

ఆవిడకి అర్థం కాలేదు. "ఏంటండి?"

"ఆ రోజు ఆయన చెప్పిన మాట. అంతా వినపడింది. రాయమన్నాడు, రాయలేదు. రాశానన్నట్టు తల ఊపాను. తర్వాత మెట్ల మీద వినపడలేదని చెప్పింది అబద్ధం."

ఆవిడ కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి. కోపం వస్తుందేమో అని ఎదురుచూశాను. రావాలని కోరుకున్నాను కూడా. ఆవిడ చేతిలో ఉన్న చేపని వల మీద పెట్టింది, దాని పక్కదాన్ని సరిచేసింది. 

"ఆయన ఉండగా చెప్పాల్సిన మాట కదండీ ఇది" అంది చివరికి. గొంతు పెద్దది చెయ్యలేదు. "ఇప్పుడు నాకెందుకు చెప్పారు? నేను తీసుకెళ్ళి ఎవరికి చెప్పుకోను?"

 ఆవిడ కుర్చీ తీసుకుని లోపలికి వెళ్ళింది. తలుపు వెయ్యలేదు. మళ్ళీ బయటికి రాలేదు. పళ్ళ సంచీ ఎక్కడ పెట్టాలో తెలియక నేను దాన్ని పట్టుకుని అక్కడే నిలబడ్డాను.